వందేళ్ల ప్లాన్‌తో ఫుట్‌బాల్: జపాన్ నుంచి మన ఇంటికి కొన్ని పాఠాలు



మొన్నటి పీటీఎంలో ఆరో తరగతి అబ్బాయి వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. "మేడమ్, చదువు సంగతి సరే. ఫుట్‌బాల్ గురించి ఒక మాట అడగాలి. రెండేళ్లుగా కోచింగ్‌కి పంపుతున్నాం. ఫీజు కడుతున్నాం, షూస్ కొంటున్నాం, పొద్దున్నే అయిదున్నరకు బండి మీద దింపుతున్నాను. ఇంతవరకు డిస్ట్రిక్ట్ టీమ్‌కి కూడా సెలెక్ట్ కాలేదు. ఎనిమిదో తరగతి నుంచి ఫౌండేషన్ కోర్సు మొదలవుతుంది కదా. ఇంకో ఏడాది చూసి మాన్పించేయమంటారా?" అన్నారు.

నేను ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. ఏం చెప్పాలో తోచక, "పీఈటీ సార్‌ని అడిగి చెప్తానండీ" అన్నాను. సాయంత్రం సార్‌ని అడిగితే ఆయన నవ్వి, "పదకొండేళ్ల పిల్లాడు ఏమవుతాడో ఎవరు చెప్పగలరు మేడమ్?" అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది. మరి ఫుట్‌బాల్‌లో పైకొచ్చిన దేశాలు పిల్లల్ని ఎలా తయారు చేస్తున్నాయి? ఎన్నేళ్లు ఓపిక పడుతున్నాయి? ఈ ప్రశ్నలతో కొన్ని వారాలు చదివాను. అన్నింటికంటే జపాన్ కథ మనకు దగ్గరగా అనిపించింది. ఎందుకంటే ఒకప్పుడు ఆ దేశం మన వెనకే ఉండేది.

ఒకప్పుడు మనమే ముందు

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ మన ఫుట్‌బాల్ జట్టు జపాన్‌ను 2-0 తేడాతో ఓడించింది. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్ వారు. అందరూ 'రహీమ్ సాబ్' అని పిలిచేవారు. ఆయన మొదట స్కూల్ టీచర్ అని తెలిసినప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. 1950 నుంచి ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1951 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ కాలపు గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకరు. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. అది రహీమ్ సాబ్ కథే.

1963లో ఆయన క్యాన్సర్‌తో చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1962 తర్వాత మనకు మళ్లీ బంగారు పతకం రాలేదు. 1960 రోమ్ తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. ప్రపంచ కప్‌లో ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

మరి ఆ రోజు మన చేతిలో ఓడిన జపాన్? 1998 నుంచి 2026 వరకు వరుసగా ఎనిమిది ప్రపంచ కప్‌లకు అర్హత సాధించింది. 2022లో ఖతర్‌లో జర్మనీనీ, స్పెయిన్‌నీ ఒకే టోర్నమెంట్‌లో ఓడించింది. ఈ అరవై ఏళ్లలో వాళ్లు ఏం చేశారన్నదే అసలు విషయం.

ఒక్క మంచి జట్టు చాలదు

జపాన్‌కు కూడా మనలాగే ఒక మంచి కాలం వచ్చింది, పోయింది. 1964 టోక్యో ఒలింపిక్స్ కోసం వాళ్లు జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే కోచ్‌ను పిలిపించుకున్నారు. ఆయన వెళ్తూ వెళ్తూ కొన్ని సలహాలు ఇచ్చారు: దేశమంతటికీ ఒక లీగ్ పెట్టండి, కోచ్‌లకు పద్ధతిగా శిక్షణ ఇవ్వండి, పచ్చిక ఉన్న మైదానాలు తయారు చేయండి. 1965లో లీగ్ మొదలైంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో జపాన్ కాంస్య పతకం గెలిచింది. కునిషిగే కమమోతో అనే ఫార్వర్డ్ 7 గోల్స్‌తో టాప్ స్కోరర్ అయ్యారు.

తర్వాత ఏమైంది? ఆ ఆటగాళ్లకు వయసు అయిపోయింది. వాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్లు తయారు కాలేదు. లీగ్‌లో ఉన్నవి కంపెనీల జట్లు. ఉద్యోగులే ఆటగాళ్లు, స్టేడియంలు ఖాళీ. జపాన్ మళ్లీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఆడడానికి 1996 దాకా, అంటే 28 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ నాకు అర్థమైంది ఇది. ఒక గొప్ప కోచ్, పదిమంది గొప్ప ఆటగాళ్లు ఒక పతకం తేగలరు. తర్వాతి పతకం తేవాలంటే అప్పటికి ఎనిమిదేళ్లో పదేళ్లో ఉన్న పిల్లలు ఎక్కడో సరిగ్గా ఆడుతూ ఉండాలి. చెట్టుకు కాయలు కాస్తున్నప్పుడే పక్కన మొక్కలు నాటాలి. జపాన్ ఈ మాటను కాస్త ఆలస్యంగా గ్రహించింది, కానీ గ్రహించాక వదల్లేదు.

వందేళ్ల ప్లాన్ అంటే ఏమిటి

1993 మే 15న 10 క్లబ్‌లతో జె-లీగ్ అనే ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. మొదటి చైర్మన్ సబురో కవబుచి ఒక నియమం పట్టుబట్టి పెట్టించారు. క్లబ్ పేరులో కంపెనీ పేరు ఉండకూడదు, ఊరి పేరు ఉండాలి. డబ్బు పెట్టే కంపెనీలకు ఇది నచ్చలేదు. ఆయన ఆలోచన సులువుగా అర్థమవుతుంది. కంపెనీ నష్టాల్లోకి వెళ్తే జట్టును మూసేస్తుంది. ఊరు ఎక్కడికీ పోదు. జట్టు ఊరిదైతే ఊళ్లోని పిల్లలకు అది సొంత జట్టు అవుతుంది.

ఇంకో నియమం మన పిల్లలకు నేరుగా సంబంధించింది. ప్రతి పెద్ద క్లబ్‌కూ సీనియర్ జట్టుతో పాటు పిల్లల జట్లు కూడా ఉండాలి. స్టార్ ఆటగాళ్లను కొనుక్కుంటే సరిపోదు, కింద నుంచి తయారు చేయాలి.

1996లో లీగ్ తన 'వందేళ్ల ఆలోచన'ను ప్రకటించింది. ఊరూరా పచ్చిక మైదానాలు, ఎవరైనా ఏ ఆటైనా ఆడుకునే క్లబ్‌లు, క్రీడల వల్ల ఇంకాస్త సంతోషంగా ఉండే దేశం. 2092 నాటికి 100 ప్రొఫెషనల్ క్లబ్‌లు ఉండాలన్నది లెక్క. 10 క్లబ్‌లతో మొదలైన లీగ్‌లో ఇప్పుడు మూడు డివిజన్లలో 60 క్లబ్‌లు ఉన్నాయి. 2005లో జపాన్ ఫుట్‌బాల్ సంఘం ఇంకో మాట ప్రకటించింది: 2050 నాటికి ప్రపంచ కప్‌ను జపాన్‌లో నిర్వహించి గెలుస్తాం. ఆ ప్రకటన చేసిన పెద్దల్లో చాలామంది ఆ రోజును చూడలేరు. అది తెలిసే చేశారు.

పిల్లల్ని ఎలా గుర్తిస్తారు

వాళ్ల పద్ధతికి 'ట్రైనింగ్ సెంటర్' విధానం అని పేరు. దీని అంతస్తులు నాలుగు: స్థానిక ప్రాంతం, మన జిల్లాల్లాంటి 47 ప్రిఫెక్చర్లు, వాటిపైన 9 రీజియన్లు, చివర జాతీయ స్థాయి. స్కూల్ జట్టులోనో, వీధి క్లబ్‌లోనో ఆడే పిల్లల్లో బాగా ఆడేవాళ్లను కోచ్‌లు ఈ సెంటర్లకు పంపుతారు. ఆ పిల్లలు తమ జట్టును వదిలిపెట్టరు. కొన్ని రోజులు అక్కడికి వెళ్లి, తమంత బాగా ఆడే పిల్లలతో కలిసి ప్రాక్టీస్ చేసి తిరిగొస్తారు. ఆ సెంటర్ల ఉద్దేశం కప్పు గెలవడం కాదు. ఒక్కొక్క పిల్లవాడి ఆట మెరుగుపడడం.

ఈ విధానానికి ప్రాణం కోచ్‌లు. చిన్నపిల్లలతో ఆడించేవారి నుంచి ప్రొఫెషనల్ జట్ల కోచ్‌ల దాకా మెట్లు మెట్లుగా లైసెన్సులు ఉన్నాయి. ప్రతి ప్రపంచ కప్ తర్వాత సంఘంలోని నిపుణులు మ్యాచ్‌లను పరిశీలించి, "ప్రపంచం ఇలా ఆడుతోంది, మన పిల్లలకు ఇది లోపించింది" అని రిపోర్టు రాసి కోచ్‌లకు అందిస్తారు. ప్రపంచ కప్‌లో కనిపించిన లోపం పదేళ్ల పిల్లల ప్రాక్టీస్‌లో సరిదిద్దే పాఠంగా మారుతుంది. మేము పరీక్ష పేపర్లు దిద్దాక 'ఏ ప్రశ్నలో ఎక్కువమంది తప్పారు' అని చూసుకుని ఆ పాఠం మళ్లీ చెప్తాం కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే వాళ్లు దేశమంతటికీ చేస్తారు.

వయసును బట్టి ఏం నేర్పాలన్నది కూడా స్పష్టంగా రాసుకున్నారు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పరుగు, గెంతు, పట్టుకోవడం, రకరకాల ఆటలు. తొమ్మిది నుంచి పన్నెండు మధ్య బంతి మీద పట్టు. అందుకే ఈ వయసును వాళ్ల కోచింగ్ పుస్తకాలు 'బంగారు వయసు' అంటాయి. దమ్ము, కండబలం పెంచే కఠినమైన వ్యాయామాలు ఆ తర్వాతే, శరీరం ఎదిగేకొద్దీ.

2011 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లల జాతీయ టోర్నమెంట్‌ను 11 మందితో కాకుండా 8 మందితో ఆడిస్తున్నారు. కారణం చిన్నదే కానీ చాలా పెద్ద తేడా తెస్తుంది. పెద్ద మైదానంలో 11 మంది ఆడితే బంతి ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు బలమైన పిల్లల దగ్గరే ఉంటుంది. మిగతావాళ్లు దూరంగా నిలబడి చూస్తారు. చిన్న మైదానంలో తక్కువమంది ఆడితే ప్రతి పిల్లవాడికీ ఎక్కువసార్లు బంతి అందుతుంది, ఎక్కువసార్లు తనే నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది.

వాళ్ల పిల్లల మ్యాచ్‌లలో రిఫరీ దగ్గర పసుపు, ఎరుపు కార్డులతో పాటు ఆకుపచ్చ కార్డు కూడా ఉంటుంది. కిందపడిన ఎదుటి జట్టు పిల్లవాడిని లేపినా, తన తప్పు తానే ఒప్పుకున్నా రిఫరీ ఆ కార్డు చూపిస్తాడు. మంచి పనికి కూడా అందరి ముందు గుర్తింపు దొరుకుతుంది. మా క్లాసులో కూడా ఇలాంటిది పెట్టాలని నాకు ఆశ పుట్టింది.

తొందరపడి తేల్చేస్తే పోయేది ఏమిటి

ఇక ఆ నాన్నగారు అడిగిన ప్రశ్నకు దగ్గరగా వద్దాం. ఇంత పకడ్బందీ పద్ధతి ఉన్న జపాన్‌లో కూడా పదిహేనేళ్ల పిల్లల విషయంలో నిపుణులు పొరపాటు పడ్డారు.

షున్సుకే నకమురా యొకొహామా మారినోస్ క్లబ్ పిల్లల జట్టులో ఆడేవాడు. పై వయసు జట్టులోకి తీసుకోలేదు. మామూలు హైస్కూల్ జట్టులో చేరి ఆడాడు. తర్వాత జపాన్ తరఫున ప్రపంచ కప్ ఆడాడు, స్కాట్లండ్‌లోని సెల్టిక్ అభిమానులకు ఆరాధ్యుడయ్యాడు. కెయిసుకే హోండాను గంబా ఒసాకా క్లబ్ అదే వయసులో వద్దంది. ఆయనా హైస్కూల్ జట్టుకే వెళ్లాడు. తర్వాత ఇటలీలోని ఏసీ మిలాన్‌కు ఆడాడు, 2010, 2014, 2018 మూడు ప్రపంచ కప్‌లలోనూ గోల్ కొట్టాడు.

వాళ్లు ఎలా నిలబడ్డారంటే, జపాన్‌లో రెండో దారి మూసుకోలేదు. అక్కడి హైస్కూల్ ఫుట్‌బాల్ పోటీలకు వందేళ్ల చరిత్ర ఉంది. క్లబ్ అకాడమీ వద్దన్నవాడికి స్కూల్ ఉంది. స్కూల్ తర్వాత యూనివర్సిటీ ఉంది. ఒక తలుపు దగ్గర ఆగిపోయినవాడు ఇంకో తలుపు తట్టవచ్చు.

యూనివర్సిటీ అంటే కవోరు మితోమా కథ చెప్పాలి. కవాసాకి ఫ్రొంటాలే అకాడమీలో పెరిగిన ఈ అబ్బాయిని 18 ఏళ్లకు క్లబ్ ప్రొఫెషనల్ జట్టులోకి రమ్మంది. ఆయన ఇంకా సిద్ధంగా లేనని చెప్పి త్సుకుబా యూనివర్సిటీలో చేరాడు. అక్కడ డ్రిబ్లింగ్ మీదే ప్రాజెక్టు రాశాడు. తోటి ఆటగాళ్ల తలకు చిన్న కెమెరాలు కట్టి, మంచి డ్రిబ్లర్ చూపు ఎటు ఉంటుందో పరిశీలించాడు. 2020లో, 22 ఏళ్ల వయసులో ప్రొఫెషనల్ ఆట మొదలుపెట్టాడు. తర్వాత ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు వెళ్లాడు.

2022 ప్రపంచ కప్‌లో స్పెయిన్ మీద గెలుపు గోల్ గుర్తుందా? బంతి గీత దాటిపోయిందని అందరూ అనుకున్న క్షణంలో మితోమా కాలు చాచి దాన్ని వెనక్కి తోశాడు. వీడియో పరిశీలిస్తే బంతి అంచు ఇంకా గీత మీదే ఉంది. ఆ బంతిని గోల్‌లోకి కొట్టింది అవో తనకా. వీళ్లిద్దరూ కవాసాకిలో ఒకే ప్రైమరీ స్కూల్లో చదివారు, ఒకే పేట క్లబ్‌లో ఆడారు. దేశాన్ని గెలిపించిన ఆ గోల్ చిన్నప్పుడు ఒకే వీధి జట్టులో ఆడిన ఇద్దరి నుంచి వచ్చింది.

పుట్టిన నెల కూడా లెక్కలోకి వస్తుంది

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. వయసు గ్రూపులకు ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. జనవరి 1 అనుకుందాం. జనవరి 5న పుట్టిన బాబు, అదే ఏడాది డిసెంబరు 20న పుట్టిన బాబు ఇద్దరూ ఒకే గ్రూపు. పదేళ్ల వయసులో దాదాపు ఏడాది తేడా అంటే చాలా తేడా. పెద్దవాడు ఎత్తుగా ఉంటాడు, వేగంగా పరిగెత్తుతాడు. సెలెక్షన్ రోజున 'టాలెంట్' ఉన్నట్టు వాడే కనిపిస్తాడు. సెలెక్ట్ అయ్యాడు కాబట్టి మంచి కోచ్, ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. రెండేళ్లకు నిజంగానే మెరుగవుతాడు. చిన్నవాడు మనసు విరిగి ఆట మానేస్తాడు. చాలా దేశాల్లో పరిశోధకులు దీన్ని గమనించారు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అక్కడ ఏప్రిల్, మే, జూన్‌లో పుట్టినవాళ్లకు ఈ అదనపు లాభం.

దీనికి తోడు ఎదుగుదల అందరికీ ఒకే వయసులో రాదు. ఒకరికి పన్నెండుకే మీసం మొలుస్తుంది, ఒకరికి పదహారు దాకా రాదు. ఆడపిల్లల్లోనూ ఇంతే. కాబట్టి పదకొండేళ్లకు డిస్ట్రిక్ట్ టీమ్‌లో లేకపోవడం అంటే 'టాలెంట్ లేదు' అని అర్థం కాదు. అలాగే ఇప్పుడే అందరికంటే ముందున్న పిల్లవాడికి ముందున్నదంతా సాఫీ దారి అనీ కాదు.

ఇక్కడే ఒక చేదు మాట కూడా చెప్పుకోవాలి. పిల్లవాడి వయసు తగ్గించి సర్టిఫికెట్ తెచ్చే అలవాటు మన దేశంలో క్రీడలను చాలాకాలంగా పట్టి పీడిస్తోంది. "అందరూ చేస్తున్నారు" అనుకుంటాం. కానీ పద్నాలుగేళ్లవాడు పన్నెండేళ్ల గ్రూపులో ఆడితే నిజంగా పన్నెండేళ్లున్న ఇంకొకరి బిడ్డ బెంచీ మీద కూర్చుంటాడు. మనవాడు కూడా బలంతో గెలవడం అలవాటై నైపుణ్యం నేర్చుకోడు. ఫుట్‌బాల్ సమాఖ్య ఎముకల వయసు పరీక్షలు చేయిస్తోంది. అందులో దొరికిపోతే ఆ అవమానం పిల్లవాడు మోయాలి. అది మనం వేసిన బరువు.

లక్ష్యం తప్పినా ప్లాన్ వదల్లేదు

జపాన్ అనుకున్నవన్నీ జరగలేదు. 1993 అక్టోబరు 28న దోహాలో ఇరాక్‌తో మ్యాచ్. గెలిస్తే మొదటి ప్రపంచ కప్ ఖాయం. 2-1తో ముందున్న జపాన్ చివరి క్షణాల్లో గోల్ ఇచ్చేసింది. 1994 ప్రపంచ కప్ చేజారింది. 1998లో మొదటిసారి వెళ్లి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. 2015 నాటికి ప్రపంచంలో తొలి 10 జట్లలో ఉంటామన్నారు, అదీ నెరవేరలేదు. 2014 ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఇంటికొచ్చారు.

ఫుకుషిమాలో 2006లో పిల్లల కోసం ఒక జాతీయ అకాడమీ పెట్టారు. అక్కడి పిల్లలు దగ్గరలోని మామూలు స్కూళ్లకే వెళ్తూ ఫుట్‌బాల్ నేర్చుకునేవారు. 2011లో భూకంపం, సునామీ, అణు ప్రమాదం వచ్చాయి. వాళ్లు ఆడుకున్న మైదానాలు ప్రమాద సహాయక చర్యలకు స్థావరమయ్యాయి. అకాడమీని మూసేయలేదు. పిల్లల్ని షిజువోకాకు తరలించి కొనసాగించారు. కొన్నేళ్లకు తిరిగి ఫుకుషిమాకు తెచ్చారు. అదే 2011లో జపాన్ మహిళల జట్టు అమెరికాను ఓడించి ప్రపంచ కప్ గెలిచింది.

1993లో దోహాలో ఆ చివరి క్షణాల్లో మైదానంలో ఉండి ప్రపంచ కప్ అవకాశం చేజార్చుకున్న ఆటగాళ్లలో హజిమె మొరియాసు ఒకరు. 2022లో అదే ఖతర్‌లో జర్మనీని, స్పెయిన్‌ను ఓడించిన జపాన్ జట్టుకు కోచ్ ఆయనే. మధ్యలో గడిచింది 29 ఏళ్లు.

మన దేశంలో

మనకూ ఇప్పుడు ప్లాన్ ఉంది. 2023 జనవరిలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 'విజన్ 2047' ప్రకటించింది. 2047 నాటికి ఆసియాలో తొలి నాలుగు జట్లలో ఉండాలన్నది అందులో ఒక లక్ష్యం. చిన్నపిల్లల కోసం 'బేబీ లీగ్'లు 2018లో మొదలయ్యాయి. స్కూల్ జట్ల కోసం 1960లో మొదలైన సుబ్రతో కప్ ఉంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతున్నారు, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు కూడా ఆడారు. దారి లేదని అనలేం.

కానీ 2047లో ఆడబోయేవారు ఎవరు? అప్పటికి పాతికేళ్లున్నవారు ఇప్పుడు ఇంకా చాలా చిన్నపిల్లలు. అంటే మన పిల్లల్లో ఎక్కువమంది ఆ జట్టులో ఉండరు. వాళ్లు ఆ కాలానికి కోచ్‌లు, రిఫరీలు, పీఈటీలు, ఫిజియోలు, స్టేడియంకు వచ్చే అభిమానులు, తమ పిల్లల్ని మైదానానికి పంపే అమ్మానాన్నలు అవుతారు. జపాన్ వందేళ్ల ప్లాన్‌లో వీళ్లందరికీ చోటుంది. ప్రపంచ కప్ జట్టులో 26 మందికే చోటు.

ఇంట్లో మనం చేయగలిగినవి

1. సెలెక్షన్‌ను కొలబద్దగా పెట్టుకోకండి. ఆరు నెలల కిందటి కంటే ఇప్పుడు ఏం బాగా చేస్తున్నాడో కోచ్‌ను అడగండి. రెండు కాళ్లతో పాస్ ఇవ్వగలుగుతోందా? బంతి రాకముందే తల ఎత్తి చూస్తోందా? పదేళ్ల పిల్లలకు ఇవే మార్కులు.

2. కోచింగ్ సెంటర్లో చేర్చే ముందు మూడు విషయాలు అడగండి: కోచ్‌కు లైసెన్సు ఉందా? ఒక కోచ్‌కు ఎంతమంది పిల్లలు? మ్యాచ్‌లో అందరికీ ఆడే అవకాశం ఇస్తారా? "ఫలానా ఏడాదిలో స్టేట్ ఆడిస్తాం" అని హామీ ఇచ్చేవారి దగ్గర జాగ్రత్త.

3. పన్నెండేళ్ల లోపు ఒకే ఆటకు కట్టేయకండి. ఈత, కబడ్డీ, ఖోఖో, సైకిల్ అన్నీ మంచివే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇది ఆటగాళ్లు కాబోయేవారికి మాత్రమే కాదు, అందరికీ.

4. గీత బయటి నుంచి అరవకండి. "పాస్ ఇవ్వు, షూట్ చెయ్" అని మనం అరిస్తే నిర్ణయం మనదవుతుంది, వాడు ఆలోచించడం మానేస్తాడు. బండి మీద ఇంటికి వస్తూ తప్పుల లిస్టు చదవకండి. "ఈరోజు ఏది నచ్చింది?" అని అడగండి చాలు.

5. నిద్ర, తిండి చూసుకోండి. పొద్దున్నే ప్రాక్టీస్ ఉన్న పిల్లవాడు రాత్రి పదకొండు దాకా హోమ్‌వర్క్ చేస్తూ ఉంటే మాకు చెప్పండి. సర్దుబాటు చేద్దాం. మోకాలో మడమో నొప్పి అంటే ఆడనివ్వకుండా డాక్టరుకు చూపించండి.

6. ఆడపిల్లలకు పెద్దమనిషి అయ్యాక ఆట మాన్పించే అలవాటు ఇంకా ఉంది. దయచేసి ఆ నిర్ణయం ఒక్కరోజులో తీసుకోకండి. ముందు మాతో మాట్లాడండి.

7. పుట్టిన తేదీ నిజమైనదే ఇవ్వండి.

నేను మార్చుకున్నది

ఇంత చదివాక ఒక విషయం ఒప్పుకోకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. గత ఏడాది యూనిట్ టెస్ట్‌కు ముందు సిలబస్ మిగిలిందని నేను రెండు మూడుసార్లు గేమ్స్ పీరియడ్ అడిగి తీసుకున్నాను. పిల్లలు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. టెన్సులు ఎంతవరకు వచ్చాయో తెలియదు కానీ, ఆ పిల్లల్లో ఎవరికో ఆ వారం బంతి తగిలే అవకాశం నా వల్ల పోయింది. దేశంలో ప్లాన్ ఎంత పెద్దదైనా, అది చివరికి నడవాల్సింది గురువారం ఆరో పీరియడ్‌లోనే. ఈ ఏడాది నా సిలబస్ కోసం ఆ పీరియడ్ అడగను.

ఆ నాన్నగారికి గత వారం ఫోన్ చేశాను. "సార్, మీ బాబు నేషనల్ ఆడతాడో లేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఎక్కువమంది పిల్లలు ఆడరు కూడా. కానీ పదకొండేళ్లకు సెలెక్ట్ కాలేదన్న ఒక్క కారణంతో మాత్రం మాన్పించకండి. ఫౌండేషన్ మొదలయ్యాక వారానికి ఆరు రోజులు కుదరకపోతే మూడు రోజులు పంపండి. వాడంతట వాడు చాలన్న రోజున ఆపుదాం" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నిన్న ప్రాక్టీస్‌కి వెళ్లలేదు మేడమ్, వాన పడింది. ఇంట్లో గోడకు బంతి కొడుతూ వాళ్లమ్మతో తిట్లు తిన్నాడు" అన్నారు.

గోడకు కొట్టేటప్పుడు ఎడమ కాలితో కూడా కొట్టమని చెప్పండి అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మీ పిల్లల ఆట గురించి మీకేమైనా సందేహం ఉంటే వచ్చే పీటీఎంలో మార్కుల గురించి మాట్లాడాక ఇంకో అయిదు నిమిషాలు కూర్చోండి. నాకు తెలియకపోతే పీఈటీ సార్‌ని కూడా పిలుస్తాను. ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం.